వరదలో మునిగిన అంబాసిడర్

ప్రశ్న: 2009 వరదల్లో మునిగిన నాన్నగారి అంబాసిడర్ తుప్పు పట్టింది. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చాలావరకు చేసుకోవచ్చు. అయితే రంగుతో మొదలుపెట్టకండి. సీమ గాలి పొడిది కాబట్టి పైరేకు బాగానే కనిపిస్తుంది. అసలు శత్రువు తుంగభద్ర ఒండ్రు. డోర్ల అడుగున, ఫుట్‌బోర్డుల లోపల పేరుకుపోయి, వాన పడినప్పుడల్లా చెమ్మ పట్టి రేకును లోపలినుంచి తినేస్తుంది. మ్యాట్లు తీసి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడిన చోట పుట్టీ పూయడం మిమ్మల్ని మీరు మోసగించుకోవడమే. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీదే. అందుకే అక్కడ కోసి కొత్త రేకు వేసే పని అనుభవమున్న వెల్డర్‌కే ఇవ్వండి. అంతకుముందే పెట్రోలు ట్యాంకు దించాలి. గట్టిగా ఉన్నచోట తుప్పు గీకి, అదేరోజు రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టండి. బ్రేకులు పూర్తిగా బాగుచేయించకుండా మాత్రం బండిని రోడ్డెక్కించకండి.