కంపెనీ పేరు చివర్లో అడుగు

చిలకలూరిపేట

చి.ల.సౌ. సునీతకు మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో ఏ కంపెనీ వాషింగ్ మెషీన్ కొనమంటావని అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు తేలికే. కానీ మోటార్ల వైండింగ్ షాపులో జీవితం గడిపినవాణ్ణి. ఎండాకాలం వచ్చిందంటే బోరు మోటార్లతోపాటు వాషింగ్ మెషీన్ మోటార్లూ నా బల్ల మీదికి చేరేవి. వాటిలో కంపెనీ లోపంతో పాడైనవి తక్కువ. మన నీళ్ళు, మన కరెంటు, బిగించిన తీరు పాడుచేసినవే ఎక్కువ. అందుకే నువ్వు అడ్వాన్సు కట్టకముందే నాలుగు సంగతులు రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు పాతదాని గురించి. స్పిన్‌లో విమానం లేస్తున్నంత మోత వస్తోందన్నావు. అది బేరింగ్ పోయిన మోత. బేరింగ్ ఖరీదు ఎంతో కాదు. అయితే ఇప్పటి చాలా మోడళ్ళలో బయటి టబ్బును బోల్టులతో బిగించకుండా రెండు సగాలనీ కరిగించి అతికించేస్తున్నారు. విప్పడానికి వీలుండదు కాబట్టే మీ మెకానిక్ టబ్బు మొత్తం మార్చాలంటున్నాడు. అతను నిన్ను మోసం చేయడం లేదు. ఏడేళ్ళు వాడిన మెషీన్‌కు కొత్తదాని ధరలో సగం పెట్టడం దండగ. మార్చెయ్యి. కొత్తది కొనేటప్పుడు మాత్రం టబ్బు విప్పి బేరింగ్ మార్చుకోవచ్చా లేదా అన్నది కనుక్కో. షాపులో అమ్మే కుర్రాణ్ణి అడిగితే లాభం లేదు, ఇళ్ళకు తిరిగి రిపేర్లు చేసే మెకానిక్‌ని అడుగు.

ఇక వంటగట్టు కింద అల్మారాలతో కలిసిపోయేలా, చెక్క తలుపు వెనక దాగి ఉండే బిల్టిన్ రకం తీసుకుందామని ఉందన్నావు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ వద్దు. ధర బాగా ఎక్కువ, మోడళ్ళు తక్కువ, ఆ సామాను చేతిలో ఉన్న మెకానిక్ మీ పర్చూరుకు రావాలంటే ఎక్కణ్ణుంచి రావాలో నువ్వే ఆలోచించు. మామూలు ఫ్రంట్ లోడ్ మెషీన్నే గట్టు కింద పెట్టుకో. పాడైతే చేత్తో ముందుకు లాగి విప్పగలిగేదే మన ఊళ్ళకు పనికొస్తుంది.

దానికి ముందు టేపు తీసుకుని కూర్చో. ఫ్రంట్ లోడ్ మెషీన్లు దాదాపు అన్నీ 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 ఎత్తు ఉంటాయి. మన వడ్రంగులు 24 అంగుళాల సందు వదులుతారు, అంటే 61 సెంటీమీటర్లు. అది పైన ఒక కొలత, కింద ఒక కొలత ఉంటుంది. అందుకని మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన అంకె రాసుకో. ఎత్తు గ్రానైట్ బండ పైనుంచి కాదు, బండ కింది అంచు నుంచి నేల దాకా చూడు. గట్టు కట్టాక నేలకు టైల్స్ వేసి ఉంటే అక్కడే ఒకటిన్నర సెంటీమీటరు పోతుంది. కొన్ని మోడళ్ళకు పైమూత తీసి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించుకోవచ్చు కానీ, ఆ చోట కంపెనీవాళ్ళ రేకు బిగించాల్సిందే. లేకపోతే గట్టు మీద ఒలికిన నీళ్ళు నేరుగా కరెంటు భాగాల మీదికి దిగుతాయి. లోతులో వెనక పైపులకు కనీసం ఐదారు సెంటీమీటర్లు వదలాలి. ఎనిమిది కేజీలది కొనాలని ఆశపడకు. ఏడు కేజీలదైతే లోతు తక్కువ ఉండే మోడళ్ళు దొరుకుతాయి, మీ నలుగురికీ సరిపోతుంది. టాపు, ప్లగ్గు మెషీన్ వెనక ఉండకూడదు. పక్క అల్మారాలో చెయ్యి పెడితే అందాలి.

ఇప్పుడు నీళ్ళు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నారు. మీ ఇంటికి రెండు రకాల నీళ్ళు వస్తాయి. పంచాయతీ నీళ్ళు సాగర్ కుడి కాలవ నుంచి చెరువు నింపి ఇచ్చేవి. రెండోది మీ బోరు. తాగేనీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు ఎంతుందో తేల్చుకోవాలంటే ఒక సీసాలో సగం నీళ్ళు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి గిలకొట్టు. నురగ రాకుండా తెల్లగా విరిగిపోతే ఆ నీళ్ళు మెషీన్‌కు వద్దు. ప్రకాశం పడమటి ఊళ్ళలో ఫ్లోరైడ్ భయం ఉంది. అది ఎముకలకూ పళ్ళకూ చేటు, మెషీన్‌ని చెడగొట్టేది కాఠిన్యం. సున్నం హీటరు కడ్డీ మీద పేరుకుంటుంది. విప్పి చూపిస్తే చూసేవాళ్ళు నమ్మలేరు, కడ్డీ కనబడదు, చుట్టూ గవ్వలాంటి తెల్లటి పొర. దానికింద హీటరు కాలిపోతుంది. 60 డిగ్రీలు దాటితే సున్నం ఇంకా త్వరగా దిగుతుంది, అందుకని రోజువారీ బట్టలకు 30, 40 డిగ్రీలు చాలు.

కుదిరితే మెషీన్ టాపుకు పంచాయతీ నీళ్ళ ట్యాంకు నుంచి వేరే పైపు వేయించు. అలా కుదరకపోతే ఉప్పుతో కడిగి మళ్ళీ వాడుకునే రెసిన్ సాఫ్ట్‌నర్ పెట్టించు. తెల్ల గుళికలు నింపి చవగ్గా అమ్మేవి నీళ్ళలో సున్నాన్ని తీయవు, అంటుకోకుండా కొంత ఆపుతాయంతే. రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో వంద గ్రాముల నిమ్మ ఉప్పు వేసి వేడినీళ్ళ సైకిల్ తిప్పు, కంపెనీ పుస్తకంలో వద్దని లేకపోతే. ఇంకోటి, ట్యాంకు ఎత్తు కూడా చూసుకో. టాపు కన్నా నీళ్ళు మూడు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే పీడనం 0.3 బార్. కొన్ని మోడళ్ళకు అది చాలు, కొన్నిటికి చాలదు. ఆ అంకె పుస్తకంలో ఉంటుంది, కొనకముందే అడిగి చూడు.

సునీతా, ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది పొలం బట్టల గురించి. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చిపెట్టినప్పటి నుంచి అల్లుడు ఎన్నిసార్లు మందు కొడుతున్నాడో నీకు నాకన్నా బాగా తెలుసు. ఆ చొక్కా, ఆ లుంగీ పిల్లల బట్టలతో కలిపి ఉతకడం నా కళ్ళతో చూశాను. ఇకమీదట అవి వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు తక్కువ పడతాయి, మందు పూర్తిగా పోదు, మిగిలింది డ్రమ్ములోనూ రబ్బరు మడతల్లోనూ ఉండి తర్వాతి విడత బట్టలకు అంటుతుంది. దొడ్లో బోరు దగ్గర చవకలో ఒక సెమీ ఆటోమేటిక్ పెట్టుకో, సెకండ్ హ్యాండ్‌దైనా ఫరవాలేదు. మందు బట్టలు చేతికి తొడుగు వేసుకుని ముందు విడిగా జాడించి, ఆ మెషీన్ నిండా నీళ్ళు పోసి రెండుసార్లు తిప్పి, ఎండలో ఆరెయ్యి. తర్వాత ఖాళీగా ఒకసారి తిప్పు. కల్లంలో కాయలు తొక్కి ఏరినవాళ్ళ బట్టలూ అక్కడే. మిరప ఘాటు ఉత్త నీళ్ళకు వదలదు, చంటిపిల్లల ఒంటికి తగిలితే మంట. రేగడి మట్టి ఎండాక దులిపి వేస్తే సెమీ ఆటోమేటిక్ తట్టుకుంటుంది, ఫ్రంట్ లోడ్ పంపులో మాత్రం అడుసై కూర్చుంటుంది. జేబుల్లో మిగిలిన పత్తి కూడా అంతే.

కరెంటు సంగతి క్లుప్తంగా. హీటరున్న మెషీన్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు, విడి వైరు, మంచి ఎర్తు ఉండాలి. మన నల్లరేగడి వేసవిలో బీటలు తీస్తుంది, ఎర్తు గుంట ఎండిపోతుంది. వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయించు. సాయంత్రాలు లైట్లు మసకబారే ఇల్లయితే స్టెబిలైజర్ పెట్టించు, కాలిన సర్క్యూట్ బోర్డు ధరతో చూస్తే అది చవక. మెషీన్ కింద ఎలుకలు దూరకుండా జాలీ కూడా అడుగు.

కంపెనీ పేరు ఇక్కడికి వచ్చాక అడగాలి. 2025 మే 8న మన శ్రీసిటీలో ఎల్జీ వాళ్ళు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు, వాషింగ్ మెషీన్లూ అక్కడ చేస్తారట, సంతోషం. అయినా మన రాష్ట్రంలో చేశారన్న ఒక్క కారణంతో ఏదీ కొనకు. ఎల్జీ, శాంసంగ్, బాష్, ఐఎఫ్‌బీ, ఏదైనా సరే, చీరాలలోనో చిలకలూరిపేటలోనో ఎవరి మెకానిక్ ఫోన్ చేసిన రెండో రోజుకల్లా మీ ఊరు వస్తాడో వాళ్ళదే కొను. మీ వీధిలో వాడుతున్నవాళ్ళనడిగితే తెలుస్తుంది. మోటారుకు పదేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది మోటారుకే, బేరింగుకూ బోర్డుకూ కాదు. అన్నిటికీ కలిపి ఎన్నేళ్ళిస్తారో అది చూడు. బిల్లు నీ పేరున తీసుకో. సామాను దొరకదని తిప్పితే 1915కు ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది. బిగించేరోజు వెనకవైపు రవాణా బోల్టులు తీశారో లేదో దగ్గరుండి చూడు. అవి తీయకుండా తిప్పితే కొత్త మెషీన్ మొదటి రోజే దెబ్బతింటుంది.

సందు కొలతలు కాగితం మీద రాసి ఫొటో పంపు, చూసి చెబుతాను. మెషీన్ పది రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. మందు బట్టల మాట మాత్రం అల్లుడికి ఇవాళే చెప్పమ్మా.

మీ మామయ్య