ఇంటి వెల, ఇంటి కిరాయి

పట్టణముల శివారులలో ఇండ్ల వెల పెరుగుచున్నదని మనమందరము వినుచున్నాము. వెలతోడనే కిరాయియు నంతగా పెరుగునా యను విషయమును మన జిల్లాల యుదాహరణముతో విచారింతము.

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణములోని 10 జిల్లాలు 31గా విభజింపబడెను. పూర్వపు కరీంనగరము జిల్లాలో జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్లలును, ఆదిలాబాదు జిల్లాలో నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదులును క్రొత్త జిల్లాకేంద్రములాయెను. కచేరీలు వచ్చినచోటికి ఉద్యోగులు వత్తురు; వారికి ఇండ్లు కావలెను; కావున కిరాయి హెచ్చును. అయితే స్థలముల వెల అంతకంటె ముందుగనే పరుగెత్తును. ఏలయన, కిరాయి నేటి యవసరమును బట్టియు, వెల రేపటి యాశను బట్టియు నిర్ణయింపబడును.

లెక్క వేసి చూతము. శివారున నొక యింటి వెల 30 లక్షల రూపాయలనియు, నెలకిరాయి 8,000 రూపాయలనియు అనుకొందము. ఏటికి వచ్చునది 96,000. అనగా నూటికి 3 రూపాయల 20 పైసలు. ఆ సొమ్మంతయు నూటికి 9 రూపాయల వడ్డీకి తెచ్చినదైనచో, మొదటి యేటి వడ్డీయే 2,70,000 వరకు అగును. కిరాయితోనే అప్పు తీరునని నమ్మి కొనువారు ఈ లెక్కను మరువరాదు.

కిరాయికి ఉండువారి కష్టము వేరు. జీతము పెరుగక కిరాయి పెరిగినచో, వారు మరింత దూరపు శివారునకు పోవలసివచ్చును. అందుచే ఒప్పందమును వ్రాతమూలముగా చేసికొనుట మేలు. ఏడాదికి మించిన ఒప్పందమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలెను.

ఇంటి వెలను పెద్దలు లెక్కింతురు. బడికి పెరిగిన దూరమును మాత్రము పిల్లలే నడతురు.