యంత్రానికి మన మాట నేర్పేదెవరు?

"నేను రేపు బడికి..."

ఈ వాక్యాన్ని పూర్తి చెయ్యండి. "వెళ్తాను" అన్నారు గదూ? "వెళ్ళను" అన్న కొంటెవాళ్ళూ ఉండి ఉంటారు. కాని "నేను రేపు బడికి దోసకాయ" అని మీలో ఎవరూ అనరు. ఎందుకని? పుట్టినప్పటినుంచి వేలకొద్దీ వాక్యాలు విన్నారు కనక, ఏ మాట తరవాత ఏ మాట వస్తుందో మీకు తెలిసిపోయింది. ఎవరూ వ్యాకరణం చెప్పి నేర్పలేదు.

ఈనాడు మనుషులతో మాట్లాడుతున్న యంత్రాల కిటుకు ఇంచుమించు ఇదే.

కృత్రిమ మేధ అంటే ఏమిటి?

గుర్తుపట్టడం, నేర్చుకోవడం, మాట్లాడడం వంటివి తెలివితో చేసే పనులు. వీటిని యంత్రం చేత చేయించే శాస్త్రమే కృత్రిమ మేధ. యంత్రాలు ఆలోచించగలవా అనే ప్రశ్నను ఇంగ్లండు గణిత శాస్త్రజ్ఞుడు అలాన్ ట్యూరింగ్ 1950లో చర్చకు పెట్టాడు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ మెకార్తీ మొదలైనవారు సమావేశమయ్యారు. ఈ శాస్త్రానికి పేరు స్థిరపడింది అప్పటినుంచే.

ఆ మెకార్తీ దగ్గర చదువుకున్న వారిలో ఒక తెలుగువాడున్నాడు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు. లోకమంతా ఆయనను రాజ్ రెడ్డి అంటుంది. మనిషి మాటను యంత్రం వినగలగాలని ఆయన పట్టుపట్టారు. చదువు రానివాళ్ళు కూడా నోటి మాటతో యంత్రాన్ని వాడుకోవాలన్నది ఆయన కోరిక. ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1976 నాటికి తయారైన 'హార్పీ' అనే ఏర్పాటు 1011 ఇంగ్లీషు మాటలను గుర్తుపట్టింది. 1994లో ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది గదా, అది ఏ విశ్వవిద్యాలయానికి చెందిందో దాని మొదటి కులపతి కూడా ఆయనే.

చీటీల ఆట

యంత్రం ఎలా నేర్చుకుంటుందో ఒక ఆటతో తెలుసుకుందాం. 20 మందిని "నేను రేపు బడికి..." అని అడిగి, వాళ్ళు చెప్పిన మాటను చీటీల మీద రాశారనుకోండి. 14 చీటీల మీద "వెళ్తాను", 4 చీటీల మీద "ఎల్తాను", 2 చీటీల మీద "వెళ్ళను" ఉన్నాయి. ఇప్పుడు తరవాతి మాట ఏదని యంత్రాన్ని అడిగితే? ఎక్కువ చీటీలున్న "వెళ్తాను" వైపే మొగ్గుతుంది.

నిజమైన యంత్రం ఇలా చీటీలు లెక్కపెట్టదు. మాటలను అంకెలుగా మార్చుకుంటుంది. ముందున్న మాటలన్నీ చూసి తరవాతి మాటను ఊహిస్తుంది. ఊహ తప్పితే తనలోని కోట్లాది అంకెలను రవంత రవంత సవరించుకుంటుంది. ఇలా లెక్కలేనన్ని సార్లు చేస్తుంది. 2022 నవంబరులో వచ్చిన 'చాట్ జీపీటీ' వంటివి ఇలా తయారైనవే.

ఇందులోంచి రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది: యంత్రం చెప్పేది పొందికగా ఉండే మాట. అది నిజమో కాదో వేరే సంగతి. తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే ధీమాగా చెప్పగలదు. అందుకే దాని జవాబును పుస్తకంతోనో, పంతులుగారితోనో సరిచూసుకోవాలి. రెండవది ఇంకా ముఖ్యం. చీటీలు పాఠ్యపుస్తకాల్లోంచే తీశామనుకోండి. అప్పుడు "ఎల్తాను" చీటీ ఒక్కటైనా ఉంటుందా?

మన మామ్మ మాట

"నాను రేపెల్తాను", "ఏటి సెప్పినావు?" అని మన పల్లెల్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు. ఇది తప్పు తెలుగు కాదు, ఈ నేల తెలుగు. కాని పుస్తకాల తెలుగు మాత్రమే నేర్చిన యంత్రానికి ఇది వింతగా తోచవచ్చు. రేపు పింఛను సంగతో, మందు సంగతో ఫోనులో యంత్రాన్నే అడగవలసి వస్తే, మామ్మ మాట దానికి అర్థం కాకపోతే ఎవరికి నష్టం?

తెలుగు మాట్లాడేవారు 2011 లెక్కల ప్రకారం 8 కోట్ల పైచిలుకు. సీతంపేట కొండల్లోను, సరిహద్దు దాటి ఒడిశాలోను వినిపించే సవర భాషకు అదే లెక్కల్లో సుమారు 4 లక్షల మందే. సవరలో అచ్చయిన పుస్తకాలు ఎన్ని ఉంటాయి? యంత్రానికి ఇవ్వడానికి చీటీలే తక్కువ!

ఈ బాధను చాలా ముందుగా గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. కొండలు తిరిగి, జ్వరాలకు వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. అయినా మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. వాడుక తెలుగు బడిలోకి రావాలని పోరాడిందీ ఆయనే. జనం మాట పుస్తకంలోకి రాకపోతే జనానికి చదువు అందదని ఆయన వాదం. ఈనాడు అదే మాట యంత్రానికీ వర్తిస్తుంది.

లాభమా, నష్టమా?

రోకలి పోయి బియ్యం మిల్లు వచ్చినప్పుడు ఆడవాళ్ళకు నడుం నొప్పి తప్పింది. కాని దంపుడు కూలితో బతికేవాళ్ళకు ఆ కూలి పోయింది. కృత్రిమ మేధ కూడా అలాగే రెండు వైపులా పనిచేస్తుంది. చదవలేని మనిషికి ఉత్తరం చదివి వినిపిస్తుంది, భాషను మార్చి చెబుతుంది. ఆ పని చేసి బతికే గుమాస్తాకు, అనువాదకుడికి బెంగ కలిగిస్తుంది. ఒకరి గొంతును అచ్చంగా అనుకరించి మోసగాళ్ళకూ సాయపడుతుంది. దాన్ని ఎవరి కోసం, ఏ కట్టుబాట్లతో వాడాలో యంత్రం నిర్ణయించదు. మనం నిర్ణయించాలి.

చేసి చూడండి

1. పైన చెప్పిన చీటీల ఆట మీ తరగతిలో ఒకసారి, మీ వీధిలోని పెద్దవాళ్ళతో ఒకసారి ఆడండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాయండి. తేడా ఎందుకు వచ్చింది?

2. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడే, మీ పాఠ్యపుస్తకంలో లేని మాటలు 25 సేకరించండి. అర్థమూ, ఏ సందర్భంలో అంటారో కూడా రాయండి. గొంతు రికార్డు చేసేటట్లయితే ముందుగా వాళ్ళ అనుమతి అడగండి.

గిడుగు వారు మొదలుపెట్టిందీ ఇలాగే: వినడం, రాసుకోవడం. ఆ పనికి పెద్ద యంత్రం అక్కరలేదు. నోటుపుస్తకం, పెన్సిలు చాలు.