రక్తం తక్కువ అంటే ఒక్క జబ్బు కాదు

మా వైద్య శిబిరాలకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది చెప్పే మాట ఒకటే: "రక్తం తక్కువగా ఉందన్నారు." దాతలు పంపిన ఐరన్ మాత్రలు వారికి ఇచ్చి పంపేవాళ్ళం. ఒకసారి ఒక తల్లి మా ముందు కూర్చుని, "రెండేళ్ళుగా మింగుతున్నాను భాయ్, పది దాటడం లేదు" అంది. మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదేమోనని మాలో కొందరం అనుమానించాం కూడా. తప్పు ఆమెది కాదు, మాది.

ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒంటికంతటికీ మోస్తుంది. ఆడవాళ్ళకు 12 గ్రాములు, గర్భిణులకు 11, మగవాళ్ళకు 13 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి ఇది ఉంది. అయితే ఆ అంకె రక్తం తగ్గిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు.

ఎక్కువమందిలో కారణం ఐరన్ లోపమే. నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, వెంటవెంటనే కాన్పులు, కడుపులో కొంకిపురుగులు, చాలీచాలని తిండి దీనికి దారితీస్తాయి. కార్జం, కీమాలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరల్లోది అంత తేలిగ్గా పట్టదు గానీ, నిమ్మరసం పిండుకుంటే మెరుగు. భోజనం కాగానే చాయ్ తాగితే తిన్న ఐరన్‌లో చాలా భాగం వృథా అవుతుంది (మన ఇళ్ళలో ఈ మాట ఎవరికీ రుచించదని మాకూ తెలుసు). మాత్రలతో మలం నల్లబడితే భయపడి మానేస్తారు, అది సహజమే. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక కూడా మూడు నెలల పాటు వాడితేనే ఒంట్లో నిల్వలు నిండుతాయి. పెద్ద వయసు మగవాడికి ఐరన్ తగ్గితే మాత్రం మాత్రలిచ్చి ఊరుకోకూడదు. పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి.

బి12, ఫోలిక్ యాసిడ్ లోపాలు వేరు. వాటిలో కణాలు పెద్దవవుతాయి. రక్త పరీక్ష కాగితంలో ఎం.సి.వి. అన్న వరుస 100 దాటి ఉంటుంది. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు బి12 చూపించుకోవడం మంచిది.

అదే ఎం.సి.వి. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవని అర్థం. ఐరన్ లోపంలోనూ అంతే, తలసేమియా వాహకుల్లోనూ అంతే. ఇక్కడే మేము పొరబడ్డాం. హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష చేయిస్తే ఆ తల్లి తలసేమియా మైనర్ అని తేలింది. ఇది పుట్టుకతో వచ్చేది. ఐరన్ లోపం కూడా తోడైతే తప్ప వీరికి ఐరన్ మాత్రలతో పనిలేదు. వాహకులు మామూలుగానే బతుకుతారు. కానీ భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసేమియా మేజర్ రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు, కాబట్టి గుండె, కాలేయం చెడకుండా మందులు వాడుతూనే ఉండాలి. సికిల్ సెల్ కూడా తల్లిదండ్రుల నుంచి ఇలాగే వస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఇది కనిపిస్తుంది.

ఆ తల్లి తన కూతురికి సొంత అన్న కొడుకునే అనుకుంటోంది. దగ్గరి సంబంధాల్లో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. మేము చెప్పాక, నిఖా తేదీ ఖాయం చేసే ముందు ఇద్దరికీ పరీక్ష చేయించారు. అమ్మాయికి ఉంది, అబ్బాయికి లేదు. ఇద్దరిలో ఒకరికే ఉంటే పిల్లలకు మేజర్ భయం లేదు కనుక సంబంధం ఆగలేదు.

మాత్రల పెట్టెలను ఫొటో తీసి దాతలకు చూపించగలం, పరీక్ష కాగితాన్ని చూపించలేం. ఖర్చు కూడా దానికే ఎక్కువ. అయినా ఈ ఏడు విరాళాల్లో కొంత భాగాన్ని, మూడు నెలలు ఐరన్ వాడినా హిమోగ్లోబిన్ పెరగని వారికీ, పెళ్ళి ఖాయం కాబోయే పేద కుటుంబాల పిల్లలకూ ఈ పరీక్ష కోసం పక్కన పెడుతున్నాం.