ప్యాకెట్ మీది పేరు ఎవరి పేరున ఉంది?



మిషను కొంటే బిల్లు మన పేరునే రాయించుకుంటాం. ప్యాకెట్ మీద పేరు గురించి మాత్రం, ఇంకొకరు అదే పేరుతో సరుకు దించిన రోజునే ఆలోచిస్తాం.

రామతీర్థంలో ఉన్నాం కాబట్టి "రామతీర్థం పచ్చళ్లు" అని పెట్టాలనిపిస్తుంది. పెట్టుకోండి, తప్పు లేదు. కానీ అది మీ ఒక్కరి సొత్తు కాదు. సరుకు ఏమిటో, ఏ ఊరిదో మాత్రమే చెప్పే మాటలకు 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ కింద సాధారణంగా అభ్యంతరం వస్తుంది. రేపు పక్క కొట్టువాళ్లు అదే పేరు పెడితే ఆపడం కష్టం. అందుకే సరుకుతో సంబంధం లేని మాట ఒకటి ఎంచుకుని, ఊరి పేరు కింద చిన్నగా వేసుకోండి. ముందుగా ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ఆ పేరు ఎవరికైనా ఉందేమో వెతకండి. దానికి డబ్బులక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. ఇది వ్యక్తులకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు. మిగతావాళ్లకు 9,000. పచ్చళ్లు 29వ తరగతి, బట్టలు 25, బొమ్మలు 28. రిజిస్ట్రేషన్ పదేళ్లుంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దరఖాస్తు ఎవరి పేరున పడితే బ్రాండు వాళ్లదే. సంఘం అంతా కష్టపడి, ఫారం మాత్రం ఒక సభ్యురాలి పేరునో, నింపిపెట్టిన ఏజెంటు పేరునో పడిందంటే తర్వాత తగువే. తీర్మానం రాసుకుని, సంతకాలు పెట్టాకే కదలండి. ఈమెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి. అభ్యంతరాల నోటీసు వస్తే జవాబుకు నెలే గడువు. ఏజెంటు ఫోన్‌కి వచ్చిన నోటీసు మీదాకా రాదు! లోగో గీసిన కుర్రాడికి డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మీకు రాదు. హక్కులు మీకు ఇస్తున్నట్టు కాగితం రాయించుకోండి. మొదటి అమ్మకం బిల్లులు పారేయకండి, పేరు ముందు వాడింది మీరేనని అవే చెప్తాయి.

అమ్మమ్మ చెప్పిన ఆవకాయ పాళ్లకు పేటెంట్ రాదు, సంప్రదాయ జ్ఞానానికి ఇవ్వరు. గుట్టుగా ఉంచుకోవడమే దానికి రక్ష. అయితే మీరే కొత్త రకం మిషను కనిపెట్టారనుకోండి, ఎగ్జిబిషన్‌లో పెట్టకముందు, వీడియో తీసి వాట్సాప్‌లో పంపకముందు దరఖాస్తు వేయండి. నలుగురికీ చూపించాక కొత్తదనం పోయినట్టే లెక్క. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తిది ఇవ్వొచ్చు. పేటెంట్ 20 ఏళ్లుంటుంది. గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకు దరఖాస్తు తయారుచేసిపెట్టే నిపుణుల ఫీజు కేంద్రమే భరించే పథకం 2016 నుంచి ఉంది. ప్రభుత్వ ఫీజు మాత్రం మీరు కట్టాలి.

మన బొబ్బిలి వీణ, బుడితి కంచు ఇత్తడి సామాను సంగతి వేరు. వాటికున్నది భౌగోళిక గుర్తింపు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో, అరకు కాఫీకి 2019లో వచ్చింది. అది ఆ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లందరిదీ. మీరూ ఆ పనివాళ్లే అయితే అధీకృత వినియోగదారుగా చెన్నైలోని రిజిస్ట్రీలో విడిగా నమోదవ్వాలి. సొంత బ్రాండు పేరు దాని పక్కన వేసుకోవచ్చు.

ఆధార్, ఉద్యమ్ సర్టిఫికెట్, లోగో కాపీ, మొదటి బిల్లు పట్టుకుని విజయనగరంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. సంఘమైతే తీర్మానం కాపీ కూడా తీసుకెళ్లండి.