పట్టు ఒకటి, పేర్లు పెక్కు: మల్లవిద్యలలోని సామాన్యాంశాలు

వాదంలో గెలిచినవానిని "ఎదుటివాణ్ణి మట్టి కరిపించాడు" అంటాము. ఎన్నికలలో ఓడినవాడు "చిత్తుగా ఓడిపోయాడు" అని పత్రికలు వ్రాస్తాయి. లోకజ్ఞానం గలవానిని "పట్టువిడుపులు తెలిసినవాడు" అని మెచ్చుకొంటాము. యుక్తికి ప్రతియుక్తి "ఎత్తుకు పైయెత్తు" అవుతుంది. జన్మలో ఒక్కసారియైనా గోదాలో దిగని తెలుగువాడు కూడ దినమంతా గోదా భాషనే మాట్లాడుచున్నాడు. ఈ మాటలలో కొన్ని అచ్చతెలుగువి, కొన్ని ఉర్దూ ద్వారమున వచ్చినవి. ఉర్దూలో 'చిత్' అనగా వీపు నేలకాని వెల్లకిల పడిన స్థితి. పహిల్వానుకు అదియే ఓటమి. మన 'చిత్తుచేయుట' ఆ గోదానుండి వచ్చినదే యని తోస్తుంది. మెలిక అనే అర్థం గల 'పేచ్' అనే ఫారసీ పదం కుస్తీలో పట్టుకు పేరు. మన ఇండ్లలో అదే 'పేచీ'గా మారి తగవులకు పనికివచ్చింది. అన్నిటికంటె విచిత్రమైనది 'ఉస్తాద్' అనే మాట. అక్కడ దానికి గురువు అని అర్థం. కోస్తా తెలుగులో 'వస్తాదు' అయ్యేసరికి కండలు తిరిగిన బలశాలి అయినాడు. శిష్యులు లేని గురువునైనా ఊహించవచ్చును గాని, కండలు లేని వస్తాదును ఊహించలేము!

ఉర్దూ పుటలను, తెలుగు పుటలను ఒకే అట్టలో కూర్చే సంచికలో ఈ బంధుత్వాన్ని గుర్తుచేయడం ఉచితమే. అయితే ఈ వ్యాసంలో విచారించదలచినది మాటలను గురించి కాదు, పట్లను గురించి. కుస్తీ, చెడుగుడు, జూడో, సుమో అని మనము వేరువేరుగా చెప్పుకొనే విద్యలలో మూలమైన పట్లు కొద్దిపాటివే. అవి ఏ ఒక్క జాతి సొత్తూ కావు. వాటిని వేరుచేసేవి నియమాలు, నేల, దుస్తులు. ఈ సంగతి మన కృష్ణా డెల్టాలో చెడుగుడు ఆడే కుర్రవానికి కేవలం వినోదం కాదు, అతని మోకాలికీ మెడకూ సంబంధించిన విషయం.

బెజవాడకు మల్లయుద్ధం కొత్త కాదు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేశాడనీ, కిరాతవేషంలో వచ్చిన శివునితో పోరాడాడనీ మన స్థలపురాణం. వనపర్వ కథలో ఆ పోరు బాణాలతో మొదలవుతుంది. అమ్ములు అయిపోయిన పిమ్మట వింటితోను, కత్తితోను, చెట్లతోను, రాళ్లతోను, పిడికిళ్లతోను సాగి, కట్టకడపట బాహుయుద్ధంలోకి దిగుతుంది. శివుని కౌగిలిలో నలిగి అర్జునుడు స్పృహ తప్పుతాడు. ఈ కిరాతార్జున ఘట్టాలను చెక్కిన ప్రాచీన స్తంభం ఆ కొండమీద వెలసినది. అక్కడి దేవునికి మల్లేశ్వరుడనే పేరు మల్లెపూల పూజవలన వచ్చిందని ఒక కథ, మల్లయుద్ధం వలన వచ్చిందని మరొక కథ. నా మొగ్గు రెండవదాని వైపే అంటే పండితులు కోపగించరని ఆశ.

ఆ చివరి పట్టును కొంచెం గమనించండి. ఛాతీకి ఛాతీ ఆన్చి, నడుము చుట్టూ చేతులు బిగించి, ఎదుటివాని ఊపిరిని, నిలకడను ఒకేసారి హరించే పట్టు అది. సభాపర్వంలోని భీమజరాసంధుల పోరులోను నడుము పట్టు వస్తుంది, వీపు విరిచే 'పృష్ఠభంగం' వస్తుంది. ఈజిప్టు దేశంలో బేనీ హసన్ అనే చోట, సుమారు 4000 సంవత్సరాల నాటి సమాధులలో ఒక్కదాని గోడమీదనే రెండు వందలకు పైగా కుస్తీ జంటలను చిత్రించి ఉన్నారు. అందులోను నడుము పట్టు ఉన్నది. భీముని చూచి ఈజిప్టువాడు నేర్వలేదు; ఈజిప్టువానిని చూచి వ్యాసుడు వ్రాయలేదు. మరి ఈ పోలిక ఎట్లు కలిగింది?

కారణం శరీరంలోనే ఉన్నది. నిలుచున్న మనిషికి ఆధారం రెండు పాదాలు, వాటి నడుమనున్న నేల. అతని గరిమనాభి ఇంచుమించు బొడ్డు కింద, కటి భాగంలో ఉంటుంది. ఆ బిందువునుండి దించిన లంబరేఖ పాదాల మధ్య పడినంతవరకు అతడు పడడు. ఆవలకు జరిగితే పడతాడు. భౌతికశాస్త్ర విద్యార్థికి ఇది మొదటి సంవత్సరపు పాఠమే. కాబట్టి మనిషిని పడగొట్టడానికి రెండే దారులు: పైభాగాన్ని ఆధారం దాటించడం, లేదా ఆధారాన్నే కిందనుండి తొలగించడం. రెండూ కలిపి చేసినప్పుడు పని సులభం. పట్టుకోవడానికి అనువైన చోట్లు కూడ కొన్నే: మెడ, చంక, మణికట్టు, నడుము, తొడ, మడమ. ఇన్ని తక్కువ చోట్లను, రెండే దారులను పెట్టుకొని ఎన్ని దేశాలవారు ఆలోచించినా చివరకు ఒకే తీరానికి చేరక తప్పదు. బలం దీనికి తోడే కాని ప్రత్యామ్నాయం కాదు. ఛాతీమీద ఏనుగును నిలిపిన కోడి రామమూర్తి నాయుడుగారి బలాన్ని తెలుగువారు నేటికీ కథలుగా చెప్పుకొంటారు. కాని బలప్రదర్శన ఒక విద్య, పట్టు వేరొక విద్య.

కుస్తీలో 'ధోబీ పఛాడ్' అనే దెబ్బ ఉన్నది. ఎదుటివాని చేతిని గుంజి, తిరిగి వీపు చూపి, ఆ చేతిని తన భుజం మీదుగా లాగి అతనిని ముందుకు విసరడం. రేవులో బండమీద బట్టను ఉతికే తీరు కాలువగట్టున పెరిగిన ఎవరికైనా కళ్లకు కట్టినట్లుంటుంది. జపాను జూడోలో దీనినే 'సెయోయ్ నాగె' అంటారు. వీపున మోసి విసరడం అని అర్థం. ఒకరు రేవును చూచి పేరు పెట్టారు, మరొకరు మూటలు మోసేవానిని చూచి పెట్టారు. రెండింటిలోను కిటుకు ఒకటే: తన కటిని ఎదుటివాని కటికంటె కిందికి దించడం. అది దించకుండ చేతి బలంతో లాగేవానికి తన నడుమే నొప్పి పుడుతుంది. 'ఢాక్' అనే మరొక దెబ్బలో మెడను చంకలో ఇరికించి, తుంటిమీదుగా తిప్పి వేస్తారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో కంచు పతకం గెలిచి, స్వతంత్ర భారతానికి మొట్టమొదటి వ్యక్తిగత పతకం తెచ్చిన ఖాషాబా దాదాసాహెబ్ జాధవ్ మట్టిగోదాలో నేర్చుకొని వచ్చినది ఈ ఢాక్‌నే. చాపమీద ఆడే ఆటలో ఆ దెబ్బను ఎవరూ పరాయిదిగా చూడలేదు. వారికీ తుంటిమీదుగా విసిరే దెబ్బలు ఉన్నవి.

'కాలాజంగ్' కథ ఇంకా రసవత్తరమైనది. ఒక చేతితో ఎదుటివాని మోచేతిని గుంజుతూ, తాను అతని చంక కిందికి దూరి, రెండవ చేతిని అతని తొడల నడుమ చొప్పించి, అతనిని ధాన్యపు బస్తావలె భుజాలకు అడ్డంగా ఎత్తుకొని ఆవలకు దొర్లించడం. మన మిల్లులలో బస్తాలు మోసే కూలీలు ఎత్తే తీరే యిది. జూడోలో దీని పేరు 'కాటా గురుమా', అనగా భుజచక్రం. 1882లో కొడోకాన్ స్థాపించి జూడోను రూపొందించిన జిగోరో కానో, విద్యార్థిదశలో తనకంటె బరువైన సహాధ్యాయిని ఓడించలేక, గ్రంథాలయానికి పోయి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగవేసి, అందులోని ఈ దెబ్బను సాధనచేసి నెగ్గినట్లు ఆయన జ్ఞాపకాలవలన తెలుస్తుంది. జపాను జాతీయవిద్య అని మనము భావించే దానిలో ఒక ముఖ్యమైన దెబ్బ పుస్తకాలయం గుండా పరదేశం నుండి వచ్చినదన్నమాట. వ్యాయామశాలకు పోయేవాడు గ్రంథాలయానికి పోరాదనే అపోహ మన కళాశాలల్లోను లేకపోలేదు!

ఇక చెడుగుడు. కూతకు వచ్చినవాని మడమను పట్టే పట్టు, తొడను పట్టే పట్టు, వెనుకనుండి నడుమును చుట్టే పట్టు మన ఆటగాళ్లకు కొట్టినపిండి. మడమ పట్టు, తొడ పట్టు ఒలింపిక్ ఫ్రీస్టయిల్ కుస్తీలో ఒంటికాలి పట్టుగా, నడుము పట్టు దేహబంధంగా యథాతథంగా ఉన్నవి. రక్షకుల గొలుసు కింద నుండి కూతగాడు తల వంచి జారిపోయే 'డుబ్కీ'ని, కుస్తీలో చంక కింద దూరి వెనుకకు చేరే 'బగల్‌డూబ్'ను పక్కపక్కన ఉంచి చూడండి. రెండు మాటలలోను మునక అనే అర్థమే ఉన్నది; రెండింటిలోను మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, తలను పైకెత్తుతూ లేవడమే కీలకం. సంక్రాంతి నాళ్లలో కోతలైన చేలలో ఆడే కుర్రవాడు తెలియకుండానే సగం కుస్తీ నేర్చినవాడు.

పట్లు ఒకటే అయితే విద్యలు వేరుగా ఎందుకు కనిపిస్తున్నవి? నియమాలవలన. గ్రీకో రోమన్ కుస్తీలో నడుముకు దిగువ పట్టరాదు. అందుచేత అక్కడ కాలిపట్లు లేక, ఎత్తివేతలు పెరిగినవి. జూడోలో మందమైన అంగీ ఉన్నది గనుక కాలరు, చేతి అంచు పట్టుకొని నడుస్తుంది పోరు. సుమోలో నడుముకు చుట్టిన గుడ్డయే పిడి. ఈ నియమాలు శాశ్వతాలు కూడ కావు. అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో కాలిపట్లను పరిమితం చేసి, 2013లో నిలువు పోరులో చేతితో కాలు పట్టడాన్నే నిషేధించింది. దానితో జిగోరో కానోకు ప్రియమైన భుజచక్రం పాతరూపంలో పోటీలకు పనికిరాకుండా పోయి, కాలిని పట్టకుండ వేసే రూపాలను వెదకవలసి వచ్చింది. కుస్తీలో ఒప్పు, జూడోలో తప్పు. దెబ్బ మాత్రం అదే.

నేల కూడ చిన్న విషయం కాదు. 1910 సెప్టెంబరులో లండనులో గామా పహిల్వాను, పోలండు మల్లుడు జిబిస్కోతో తలపడినప్పుడు, జిబిస్కో చాపమీద బోర్లపడి నేలను కరచుకొని రెండున్నర గంటలకు పైగా కాలక్షేపం చేశాడు. బోర్లపడినవాడు ఓడినట్లు కాదు, అతనిని వెల్లకిల తిప్పాలి. అది గామాకు ఆనాడు సాధ్యపడలేదు. 1928లో పటియాలాలో మట్టిగోదాలో అదే జిబిస్కోను ఒక్క నిమిషంలోపే చిత్ చేశాడు. మనుష్యులు వారే. అయితే గామాకు మట్టి పుట్టినిల్లు, రెండవవానికి కాదు. పైగా అప్పటికి జిబిస్కో వయసుమళ్లినవాడు.

మొదట చెప్పిన మోకాలి సంగతికి ఇప్పుడు వస్తాను. కుస్తీ, జూడోలలో పట్టు నేర్పక ముందే పడడం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకు తగలకుండ కాపాడుకోవడం, పడేటప్పుడు చేయి బారచాచి నేలమీద ఊనకుండ ఉండడం, అరచేయి, ముంజేయి కలిపి ఒక్కసారి నేలను చరచి అదురును పంచడం, ముందుకు పడితే భుజంమీదుగా దొర్లడం: జూడో విద్యార్థి తొలి దినాలు ఇందులోనే గడుపుతాడు. మన పల్లె చెడుగుడులో ఈ పాఠం లేదు. పట్టు మాత్రం ఉన్నది. పాదం నేలలో నాటుకొని ఉండగా ఒకడు మడమ పట్టి, మరొకడు నడుము పట్టి పక్కకు తిప్పితే, ఆ మెలిక అంతా మోకాలిలోని స్నాయుబంధం మీద పడుతుంది. అది తెగితే శస్త్రచికిత్స లేనిదే మళ్లీ పూర్వపు ఆట ఆడడం కష్టం. కుస్తీ గోదాలో ఇద్దరే ఉంటారు. చెడుగుడులో ఒక్కనిమీద నలుగురు పడతారు. నిజానికి పడే విద్య చెడుగుడువానికే ఎక్కువ అవసరం.

దీనికి ఖరీదైన చాపలు లేకపోయినా సాగుతుంది. మన డెల్టా నల్లరేగడి ఎండకు బీటలు వారి గట్టిపడుతుంది. దానిమీద పడే సాధన చేయరాదు. పాత తాలింఖానాలవారు ఎర్రమన్నును జల్లెడపట్టి, రాళ్లు, గవ్వపెంకులు ఏరివేసి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి, దినదినం పారతో తిరగవేసి మెత్తగా ఉంచేవారు. మూరెడు లోతు, పది గజాల చదరం గుంత చాలు. ఉదయం ఆటకు ముందు పావుగంట సేపు వెనుకకు పడడం, పక్కకు పడడం, భుజంమీద దొర్లడం. ఆ తరువాత మడమ పట్టుకొన్నవాడు తిప్పకుండ ముందుకు లాగడం, పట్టుబడినవాడు పాదాన్ని బిగబట్టకుండ వదలి ఆ వైపే దొర్లడం, ఇద్దరిద్దరుగా, మొదట మెల్లగా, కూత లేకుండ.