ఇండ్ల క్రయవిక్రయములలో కొలత – పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

అమరచింత ప్రాంతపు గ్రామములలో ఇల్లు చేతులు మారునప్పుడు మొదట నడచునది ధర మాట. పిదప బయానా, ఆ పిదప దస్తావేజు. కొలత టేపు బయటికి వచ్చుట సాధారణముగా అన్నిటికంటె చివర, తగాదా పుట్టిన తరువాతనే. ఈ వరుసను మార్చగలవారు గ్రామమున ఎవరైన ఉన్నచో, వారు పంచాయతీ సభ్యులే. అమ్మువాడు ఇంటిపన్ను రసీదు కొరకు వారి కార్యాలయమునకే వచ్చును. కొనువాడు సాక్షి సంతకమునకు వారినే పిలుచును.

పొలము విషయమున రైతుకు కొంత ఆధారము కలదు. హైదరాబాదు రాజ్యపు కాలముననే సర్వే జరిగి, నంబర్లు పడి, నక్షలు, టీపన్లు, సేత్వారులు ఏర్పడినవి. 33 అడుగుల గొలుసు ఒక ప్రక్క, మరల 33 అడుగులు ఇంకొక ప్రక్క కలిసిన చతురస్రము ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. అట్టివి 40 కలిసిన ఎకరము. ఇంటి విషయమున ఈ ఆధారము లేదు. గ్రామకంఠమును నక్షలో ఒకే ముద్దగా చూపి విడిచిరి. దాని వెలుపలి హద్దును సర్వేయరు చూపగలడు. లోపల ఎవరి గోడ ఎంతవరకో చూపుటకు సాధారణముగా అతని వద్ద పటము ఉండదు. కనుక ఇంటికి హద్దురాయి ఇరుగుపొరుగువారి జ్ఞాపకమే. జ్ఞాపకము తరము మారినకొలది జరుగుచుండును.

ఈ ప్రాంతమునకు ఇంకొక చిక్కు కలదు. ఆత్మకూరు కేంద్రముగా నడచిన అమరచింత సంస్థానము 1949లో జాగీరుల రద్దుతో ముగిసినది. పాత ఇండ్లకు ఆ కాలపు కాగితములు, ఉర్దూలో వ్రాసినవి, ఫసలీ సంవత్సరములతో ఉండవచ్చును. ఫసలీకి 590 కలిపిన ఇంచుమించుగా క్రీస్తు శకము వచ్చును. 1358 ఫసలీ అనగా 1948-49. అట్టి కాగితమును చదివించుకొనకుండ పెట్టెలో దాచుట వలన ప్రయోజనము లేదు. అందులో హద్దులు వ్రాయబడి ఉన్నచో, నేటి హద్దులతో ఒక్కసారి సరిచూడవలెను.

ఇక కొలత ఎట్లు తప్పునో చూతము. ఒక నేతపనివాడు మగ్గమునకు చోటు చాలక, ప్రక్క ఇంటిని కొనదలచెననుకొందము. దస్తావేజు నమూనాలో తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణములు 45 అడుగులు, మొత్తము 150 చదరపు గజములు అని వ్రాసిరి. అతడు వీధివైపున టేపు పట్టి చూచెను. 30 అడుగులు సరిగానే ఉన్నవి. తృప్తిపడి సంతకము చేసెను. వెనుకవైపున వెడల్పు 27 అడుగులే. రెండు వెడల్పుల సగటు 28½. దానిని 45తో గుణించిన 1282½ చదరపు అడుగులు, అనగా 142½ గజములు. ఏడున్నర గజములకు అతడు లేని చోటుకు ధర చెల్లించెను. గజముల లెక్కన బేరము జరిగియున్నచో సొమ్ము తగ్గించుమని అడుగుటకు మాట ఉండును. గుత్తగా బేరము జరిగియున్నచో అదియు కష్టమే. అప్పు చేసి కొన్నవానికి ఏడున్నర గజములు చిన్న విషయము కాదు. మగ్గము గుంటకు, దాని ముందు నడచుటకు కావలసిన చోటు అంతే.

సగటు పద్ధతియు ఎదురెదురు ప్రక్కలు రెండు సమాంతరముగా ఉన్నప్పుడే సరిపడును. స్థలము వంకరగా ఉన్నచో నాలుగు ప్రక్కలను, ఒక కర్ణమును కొలిచి, రెండు త్రిభుజములుగా విడదీసి లెక్కకట్టవలెను. మూల సరియైన లంబకోణమో కాదో తెలియుటకు మేస్త్రీలు వాడు ఉపాయము మంచిది: మూల నుండి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండవ గోడ వెంట 4 అడుగులు గుర్తుపెట్టిన, ఆ గుర్తుల నడుమ సరిగా 5 అడుగులు రావలెను.

వైశాల్యము ఒకటి, హద్దులు ఇంకొకటి చెప్పినప్పుడు న్యాయస్థానములు సాధారణముగా హద్దులకే విలువ ఇచ్చును. కాబట్టి "తూర్పున ఇతరుల ఇల్లు" అని వ్రాసి ఊరకుండరాదు. ఆ ఇల్లు ఎవరిది, దాని నంబరు ఎంత, నడుమనున్న గోడ ఎవరిది, ఉమ్మడిదా, చూరునీరు ఎటు పడును, మోరీ ఎవరి స్థలము గుండ పోవును, సందు ప్రజలదా లేక ఇంటివారిదా అనునవన్నియు వ్రాయవలెను. ఈ రచయితకు తెలిసినంతలో, గ్రామముల ఇండ్ల తగాదాలలో పెక్కు గోడ వద్దను, చూరు వద్దనే పుట్టుచున్నవి. సందు విషయమున పంచాయతీ మరింత మెలకువగా ఉండవలెను. దానిని తన ఇంటిలో కలిపి అమ్మువాడు ప్రజల ఆస్తిని అమ్ముచున్నాడు.

ఇంటిపన్ను రసీదు యాజమాన్యపు హక్కుపత్రము కాదు. పన్ను పుస్తకములో పేరున్నంత మాత్రమున ఇల్లు అతనిదని పంచాయతీ నిర్ణయించినట్లు కాదు, నిర్ణయించు అధికారమును దానికి లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి, నూరు రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరైన దస్తావేజు ఉండి తీరవలెను. తెల్లకాగితముపై వ్రాసికొను సాదాబైనామాను ప్రభుత్వము క్రమబద్ధము చేసినది వ్యవసాయ భూముల విషయముననే. ఇల్లు కొన్నవాడు దానిని నమ్ముకొనరాదు. దస్తావేజు వ్రాసిన నాలుగు నెలలలోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను. సబ్‌రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును గాని, ఇంటికి వచ్చి గోడలు కొలువడు. తప్పు కొలత వ్రాసిన తప్పు కొలతయే రిజిస్టరగును. తరువాత సవరణ దస్తావేజు కావలెనన్న అమ్మినవాడు మరల రావలెను. అతడు పని వెదకుకొనుచు బొంబాయి పోయియుండవచ్చును.

పొరుగువాడు మన స్థలములోనికి వచ్చినపుడు "చూచుకొందములే" అని ఏండ్లు గడుపుట ప్రమాదము. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, బహిరంగముగా, ఎదురుహక్కుతో పండ్రెండు సంవత్సరములు సాగిన స్వాధీనము అసలు యజమాని దావాకు అడ్డు రాగలదు.

కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించి, గ్రామకంఠములను డ్రోన్లతో కొలుచు పని చేపట్టినది. డ్రోను ఎగురుటకు ముందు ఇంటివారు, పొరుగువారు కలిసి సున్నముతో హద్దులు గీయుదురు. పై నుండి తీసిన చిత్రములో ఆ గీతలే కనబడును. మన రాష్ట్రమున 2025 ఏప్రిల్ 14న ఆరంభించిన భూభారతి విధానము పొలముల రిజిస్ట్రేషనుకు సర్వే పటమును జతపరచు నియమమును, ఆబాది స్థలములకు హక్కుల రికార్డును తలపెట్టినది.

సున్నపు గీతకు డ్రోను రావలసిన పనిలేదు. బయానా ఇచ్చుటకు ముందు ఒక ఉదయము అమ్మువానిని, కొనువానిని, నాలుగు ప్రక్కల పొరుగువారిని పిలిపించి, గీత గీయించి, కొలిపించి, చేతిపటము మూడు ప్రతులు వ్రాయించుడు. అమ్మువానికి అన్నదమ్ములో అక్కచెల్లెండ్రో భాగస్వాములున్నచో వారును అక్కడ ఉండవలెను. ఒక ప్రతి దస్తావేజుకు జతపరచుటకు, ఒకటి అమ్మువానికి, ఒకటి పంచాయతీ కార్యాలయమున దాచుటకు. పొరుగువాడు సంతకమునకు ఒప్పుకొననిచో తగాదా ఆ ఉదయమే తెలియును, కొనువాని సొమ్ము అతని వద్దనే ఉండును. టేపు మాత్రము ఇనుపదై యుండవలెను. గుడ్డ టేపు పాతబడిన సాగును, సాగిన టేపు ఉన్న కొలతకంటె తక్కువ చూపి, గజముల లెక్కన అమ్మువానిని మోసగించును.